నిచ్చెనకు ఎడమవైపు

పొద్దున్నే తలకు గుడ్డ బిగించి, రంగు కలిపే కర్ర చేతపట్టుకుని రంగులక్క గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, ఆమె మొగుడు మేస్త్రి చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ అన్నాడు.

“ఇవాళ్టి నుంచి నువ్వు రాకు.”

“ఎక్కడికి?”

“పనిలోకి.”

ఆమె నవ్వింది. ఆయన హాస్యమాడేది ఏడాదికి ఒకసారి. ఈ ఏటి వంతు ఇదేమో అనుకుంది. కానీ ఆయన మొహంలో నవ్వు లేదు.

“తమ్ముడొస్తాడు సాయానికి. నువ్వు ఇంట్లో ఉండు.”

“మరిదా! బకెట్ ఎత్తమంటే ముందు దాని పక్కన కూర్చుని అలుపు తీర్చుకునే మనిషి కదయ్యా!”

“నీ చేయి వణుకుతోంది,” అన్నాడు మేస్త్రి ఎదురుగోడ వంక చూస్తూ. “మొన్న రోలర్ జారవిడిచావు. నేలంతా చుక్కలు. పని పాడవుతోంది.”

అని వెళ్లిపోయాడు. మోపెడ్ గోడకు ఆనించి ఉన్నా దాన్ని ముట్టుకోలేదు. నడిచే వెళ్లాడు.

రంగులక్క గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఇద్దరూ కలిసే గడప దాటారు. ఆయన రంగుల మేస్త్రి. గోడలు అందరూ వేస్తారు, పైకప్పు వేసేవాళ్లు తక్కువ. తల వెనక్కి వాల్చి, చేతులు పైకెత్తి, గంటల తరబడి నిలబడాలి. ఆ పనికి ఆయన పెట్టింది పేరు. ఆ పేరులో సగం తనదని రంగులక్క ఎప్పుడూ పైకి అనలేదు గానీ, లోపల అనుకోకుండానూ లేదు.

వాళ్ల పద్ధతి ఒకటుండేది. నిచ్చెనకు ఎడమవైపు ఆమె నిలబడుతుంది. రెండు రోలర్లు. ఒకటి పైన కప్పు మీద తిరుగుతుంటే రెండోది ఆమె చేతిలో రంగు తాగి సిద్ధంగా ఉంటుంది. ఆయన కుడిచేత్తో ఎండిన రోలర్ ఎత్తిపట్టి, తల ఎడమకు తిప్పి, ఎడమచేయి కిందికి చాపుతాడు. ఆ చేతిలో తడి రోలర్ పెట్టాలి. మాట ఉండదు. ఒకసారి ఒక ఇంటావిడ అడిగింది, “మీ ఇద్దరికీ మాటల్లేవా?” అని. “పనిలో అక్కర్లేదమ్మా, ఇంటికెళ్లాక నేనే మాట్లాడతాను” అంది రంగులక్క.

ఇప్పుడు ఆ చోట్లో మరిది నిలబడతాడట.

ఆమె లోపలికి వచ్చి గ్లాసు తీసుకుంది. అంచు దాకా నీళ్లు పోసింది. ఒక్క చుక్క ఎక్కువైనా పొర్లిపోయేంత. దాన్ని కుడిచేత్తో పట్టుకుని వంటింట్లోంచి వాకిలి దాకా నడిచింది. తిరిగొచ్చింది. ఎడమచేత్తో మళ్లీ నడిచింది. నేల మీద తడి లేదు. గ్లాసు గట్టుమీద పెట్టి, “వణుకు నా చేతిలో లేదు. నీ మాటలో ఉంది” అంది, ఇంట్లో లేని మనిషితో.

వారం గడిచింది. ఆ వారంలో ఆమె ఇంట్లో ఊరికే కూర్చోలేదు, ఆయన్ని చూస్తూ కూర్చుంది.

భోజనానికి కూర్చునే చోటు మారింది. ఎప్పుడూ ఆమె ఆయనకు ఎడమవైపు కూర్చునేది. ఇప్పుడు ఆయన ఆ పక్క గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడు, ఎవరికీ చోటు లేకుండా. ఆమె వెనకనుంచి పిలిస్తే మెడ తిప్పడం లేదు. ఉన్నచోటే నిలబడి “ఊఁ” అంటున్నాడు. మరీ అవసరమైతే ఒళ్లంతా ఒక్కటిగా తిప్పుతున్నాడు, బీరువాను జరిపినట్టు. గడ్డం కూడా సరిగ్గా గీసుకోవడం లేదు. ఎడమ చెంప నున్నగా ఉంది. కుడి చెవి కింద, దవడ దగ్గర, వారం రోజుల గరుకు.

కళ్లద్దాల దుకాణంలో పనిచేసే కూతురు ఆదివారం వచ్చింది. తల్లి మొహం చూడగానే సంచీ పక్కన పడేసింది.

“ఏంటమ్మా, మొహం అలా పెట్టావ్? నాన్న ఏమన్నా అన్నాడా?”

“నాకు వయసైపోయిందట. చేతులు వణుకుతున్నాయట. పనికి రాననేశాడు.”

“మంచిదేగా! యాభై దాటాయి. కూర్చో కాసేపు.”

“కూర్చోవడానికి నాకేం రోగం?”

“అమ్మా, నిచ్చెన పక్కన నిలబడటం ఏమన్నా రాజ్యమా, వదల్లేనంటున్నావ్?”

“నీకు పెళ్లిచూపులకి తొడిగిన గాజులు నిచ్చెన పక్కన నిలబడి తెచ్చినవే,” అంది రంగులక్క. అంతలోనే గొంతు తగ్గించింది. “నా మొహం చూడ్డం మానేశాడే. పిలిస్తే తిరగడు. నేనెటుంటే అటు గోడ పెట్టుకుంటాడు. చివరికి గడ్డం కూడా సగమే గీస్తున్నాడు. నా మీద కోపం గడ్డం మీద చూపించే మనిషిని నువ్వెక్కడైనా చూశావా?”

కూతురు నవ్వబోయి, తల్లి కళ్లలో నీళ్లు చూసి ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం రంగులక్క తలకు గుడ్డ బిగించి, క్యారియర్ పట్టుకుని బయల్దేరింది. పని గ్రంథాలయంలో. చదువుకునే పెద్ద హాలు, రెండు నిలువుల ఎత్తు కప్పు. పుస్తకాల అల్మరాలన్నీ గుడ్డలు కప్పుకుని నిలబడి ఉన్నాయి. కప్పు సగం దాకా తెల్లగా మెరుస్తోంది, మిగతా సగం పాత పసుపు. మేస్త్రి నిచ్చెన నాలుగో మెట్టు మీద ఉన్నాడు. రోలర్‌కి పొడుగు కర్ర తగిలించి, తల వెనక్కి వాల్చి గీతలు లాగుతున్నాడు. మరిది కుడిపక్క బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు.

ఎడమ పక్క ఖాళీగా ఉంది.

తన చోట్లో ఇంకొకర్ని పెట్టినా అంత బాధ ఉండేది కాదు. చోటునే తీసేశాడు.

“వదినా, నువ్వా!” అంటూ లేవబోయాడు మరిది. “అటు కాదు, ఇటు రా, ఇటు...”

ఆమె వినలేదు. తిన్నగా వెళ్లి నిచ్చెనకు ఎడమవైపు నిలబడింది. ఇరవై ఎనిమిదేళ్లు నిలబడిన చోటు. క్యారియర్ కింద పెట్టింది.

“ఏమయ్యా! నా మొహం చూసి చెప్పు. ఇటు తిరిగి, నా కళ్లలోకి చూసి చెప్పు, నా చేయి వణుకుతోందని!”

ఆ గొంతు ఎడమ పక్కనుంచి వస్తే తిరగడం ఆయన ఒంటికి అలవాటు. వారం రోజులుగా బిగబట్టుకున్నదంతా ఆ ఒక్క పిలుపుకి మర్చిపోయాడు. తల అలా పైకి వాలి ఉండగానే ఎడమకు తిప్పాడు.

ఆమె ఆయన కళ్లు చూసింది. అవి ఆమెను చూడటం లేదు. చూపు పక్కకు కొట్టుకుపోతోంది. రోలర్ చేతిలోంచి జారింది. తర్వాత మనిషి.

రంగులక్క వెనక్కి తగ్గలేదు. ముందుకు వెళ్లి భుజం అడ్డం పెట్టింది. మరిది ఒక్క గెంతులో వచ్చి అన్న నడుం పట్టుకున్నాడు. ఆ మనిషి అంత వేగంగా కదలడం పుట్టినప్పటినుంచి ఎవరూ చూసి ఉండరు. ముగ్గురూ కలిసి కిందపడ్డారు. రంగు డబ్బా దొర్లి ఆమె వీపంతా తెల్లగా అయింది.

“ఏమయ్యా... ఏమయ్యా!”

ఆయన తల ఆమె ఒళ్లో ఉంది. మొహం పాలిపోయింది. ఒకటి, రెండు, మూడు... పది లెక్కపెట్టేలోపు కళ్లు తెరిచాడు.

“ఏం లేదు,” అన్నాడు. “కాలు జారింది.”

“కాలు కాదన్నయ్యా!” మరిది ఏడుపు గొంతుతో అరిచాడు. “నీ ఒట్టు గట్టున పెట్టు. ఇది మూడోసారి వదినా! ఎడమకు తిరిగితే కళ్లు తిరుగుతున్నాయి. పదిరోజుల కింద నన్ను తోడు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. చెవిలో ఏదో తేడా అని మాత్రలిచ్చారు. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు.”

రంగులక్కకు ఆ క్షణంలో అన్నీ వరసగా కళ్లముందుకొచ్చాయి. కుడి దవడ గీసుకోవాలంటే మొహం ఎడమకు తిప్పాలి. ఎడమ సందులోకి మోపెడ్ తిప్పాలంటే భుజం మీదుగా వెనక్కి చూడాలి. పక్కన కూర్చున్న భార్యతో మాట్లాడాలంటే ఆమె వైపు తిరగాలి. కోపం కాదు. ఆ మనిషి ఎడమవైపు లోకాన్నే వదిలేసుకున్నాడు. తనేమో వచ్చి, సరిగ్గా ఆ పక్కనే నిలబడి, తిరగమని అరిచింది.

“నేను చేసిందే ఇది,” అనుకుంది. కానీ ఏడవలేదు. ఏడ్చే పని తర్వాత చేసుకోవచ్చు. “మరిదీ, ఆటో పిలువు. ఈయన తల ఎటూ తిప్పకుండా నేను పట్టుకుంటాను.”

ఆసుపత్రిలో మేస్త్రిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. మెడమీద జిగురులాంటిది రాసి, చిన్న పరికరం ఆనించారు. గదిలో హుస్, హుస్ అని చప్పుడు. రక్తం పారే చప్పుడట అది. డాక్టరమ్మ చిన్న వయసావిడ, ఓపికగలది. తెర మీద చూసి చెప్పింది.

“వెనకవైపు రక్తనాళం ఒకటి సన్నగా ఉంది. అది చాలామందికి ఉంటుంది. రెండోది బాగానే పారుతోంది. భయపడేదేమీ కనిపించడం లేదమ్మా. నీరసం వల్ల కావచ్చు.”

మేస్త్రి లేవబోయాడు. “చెప్పానా, ఏం లేదని.”

“నువ్వుండు,” అంది రంగులక్క. డాక్టరమ్మ వైపు తిరిగింది. వీపు మీద రంగు ఎండి అట్టకట్టి ఉంది, తలకు గుడ్డ ఇంకా అలాగే ఉంది. “అమ్మా, నేను చదువుకున్నదాన్ని కాను. ఒక మాట అడగనా?”

“అడగండి.”

“మీరు ఈయన్ని తిన్నగా పడుకోబెట్టి చూశారు. తిన్నగా ఉంటే ఈయనకి ఏనాడూ ఏమీ కాలేదు. తల పైకెత్తి, ఎడమకు తిప్పితేనే పడుతున్నాడు. పైపులో నీళ్లు వస్తున్నాయా అంటే వస్తున్నాయి. కానీ పైపు మడతపడ్డప్పుడు కదా చూడాల్సింది?”

మరిది భయంగా వదిన చేయి లాగాడు. డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది.

“ఎంత తిప్పితే పడ్డారో చూపించగలరా?”

“చూపిస్తాను. ఇరవై ఎనిమిదేళ్లు చూశాను ఆ మెడని.”

ఆమె తన తలే వెనక్కి వాల్చి, ఎడమకు తిప్పి, చేయి కిందికి చాపి చూపించింది. అచ్చం ఆయనలాగే. మంచం మీద మేస్త్రి అది చూసి కళ్లు మూసుకున్నాడు.

ఈసారి కుర్చీలో కూర్చోబెట్టారు. ఇద్దరు నర్సులు అటూ ఇటూ నిలబడ్డారు. డాక్టరమ్మ స్వయంగా రెండు చేతులతో తల పట్టుకుని, పరికరం మెడ మీద ఉండగానే, కొంచెం కొంచెంగా తిప్పింది. హుస్, హుస్. ఇంకొంచెం. హుస్... హు... చప్పుడు సన్నబడింది. ఎవరో కుళాయి కట్టేస్తున్నట్టు.

“కళ్లు తిరుగుతున్నాయి,” అన్నాడు మేస్త్రి.

డాక్టరమ్మ వెంటనే తల మధ్యకు తెచ్చేసింది. చప్పుడు మళ్లీ నిండుగా వచ్చింది.

సాయంత్రానికి ఇంకో పెద్ద స్కాన్ కూడా తీసి, డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. “మెదడుకు రక్తం మోసే గొట్టాలు నాలుగు. ముందు రెండు, వెనక రెండు. వెనకవి మెడ ఎముకల్లో ఉండే చిల్లుల గుండా పైకెక్కుతాయి. తల తిప్పినప్పుడు ఒకటి కాస్త నొక్కుకున్నా రెండోది సర్దుకుంటుంది. అందుకే మనందరం ఎటైనా తిరగ్గలుగుతున్నాం. ఈయనకు ఒకటి పుట్టుకతోనే సన్నం, సాయం చేయలేదు. మంచిదాని పక్కన ఎముక పెరిగింది. ఎడమకు తిప్పి పైకెత్తితే అది నొక్కేస్తోంది. ఆ కాసేపు వెనక మెదడుకి రక్తం చాలడం లేదు.”

“మందుందా అమ్మా?”

“ముందు మెడకు పట్టీ. ఆరు వారాలాగి ఆపరేషన్ కావాలో వద్దో చూద్దాం. బతుకు తీరు మార్చుకుంటే చాలామంది హాయిగా ఉంటారు. కానీ నిచ్చెన ఎక్కడం, తల పైకెత్తి చేసే పని, ఇక లేదు.” లేస్తూ రంగులక్క భుజం తట్టింది. “మీరు అడక్కపోతే నేను ఇంటికి పంపేసేదాన్ని.”

మర్నాడు పొద్దున ఇంట్లో మేస్త్రి మెడపట్టీతో కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కూతురు సెలవు పెట్టి వచ్చింది. మరిది గుమ్మం దగ్గర, ఎటైనా పారిపోవడానికి వీలుగా నిలబడ్డాడు.

రంగులక్క ఆయనకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

“ఇప్పుడు చెప్పు. నా చేయి వణుకుతోందా?”

మేస్త్రి మెడపట్టీ సర్దుకున్నాడు.

“నిన్నే.”

“లేదు.”

“మరి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందయ్యా నీకు? వారం రోజులు గ్లాసులో నీళ్లు పోసుకుని ఇల్లంతా తిరిగాను, పిచ్చిదానిలా. నా చేతులు నేనే నమ్మలేకపోయాను. కళ్లు తిరుగుతున్నాయని ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది?”

“అమ్మా, నెమ్మదిగా...” అంది కూతురు.

“నువ్వూరుకో.”

మేస్త్రి మోకాళ్ల మీది తన చేతుల్నే చూసుకున్నాడు.

“చెప్తే నువ్వు ఇంకా దగ్గరగా నిలబడతావు. నీ సంగతి నాకు తెలీదా? పడేది ఎడమకే. పడితే నీ మీదే పడతాను. నాలుగు మెట్ల పైనుంచి మనిషి మీద పడితే ఏమవుతుందో... ఒంట్లో బాగోలేదంటే నువ్వు ఆగవు. పని బాగోలేదంటేనే రోషంతో ఆగుతావు. అందుకని ఆ మాట వెతుక్కున్నాను. అనడానికి రెండు రోజులు పట్టింది.”

రంగులక్క తలగుడ్డ విప్పి మొహానికి అడ్డం పెట్టుకుంది. నిన్నటినుంచి ఆపుకున్నదంతా అప్పుడొచ్చింది. మేస్త్రి వంగలేడు, తల వంచలేడు. చేయి మాత్రం చాపాడు. ఆమె ఆ చేతిని పట్టుకుని, మొదట ఒక్కటి గట్టిగా కొట్టి, తర్వాత నుదుటికి ఆనించుకుంది.

“ఇంకోసారి నా మంచి కోసం నన్ను అబద్ధంతో కొట్టకు. నిజంతో కొట్టు. తట్టుకుంటాను.”

“సరే.”

“సరే కాదు, మాటివ్వు.”

“ఇచ్చాను.”

కూతురు ముక్కు తుడుచుకుంటూ అంది. “ఇక చాలు నాన్నా. ఇద్దరూ పని మానేయండి. ఆ హాలు ఇంకెవరికైనా అప్పగించేద్దాం.”

మేస్త్రి మొహం వాడిపోయింది. సగం తెలుపు, సగం పసుపు కప్పు ఒకటి ఆయన కళ్లముందు వేలాడుతున్నట్టుంది. “వేరేవాడు వేస్తే మధ్యలో అతుకు కనిపిస్తుంది,” అన్నాడు మెల్లగా.

“వేరేవాడెందుకు?” రంగులక్క కళ్లు తుడుచుకుని లేచింది. “నేనెక్కుతాను.”

“నువ్వా!”

“నేనే. గోడలు వేయలేదా నేను? కప్పు కూడా గోడే, కాస్త పడుకుంది అంతే. నా మెడ నాలుగు వైపులా తిరుగుతుంది. కావాలంటే డాక్టరమ్మ దగ్గర చూపించుకుని వస్తాను.”

“వదిన పైకెక్కితే నేను కింద నిలబడను బాబోయ్,” అన్నాడు మరిది. “ఇప్పటిదాకా తిట్లు పక్కనుంచి తగిలేవి. ఇక నేరుగా నెత్తిన పడతాయి.”

ఆ ఇంట్లో వారం తర్వాత నవ్వు వినిపించింది. మేస్త్రి కూడా నవ్వాడు, మెడపట్టీ లోపలే.

హాల్లో మిగిలిన సగం కప్పు నాలుగు రోజులు వేశారు. మరిది రంగు అందించాడు. మేస్త్రి నిచ్చెనకు వీపు ఆనించి, రెండు చేతులతో వెనకనుంచి దాని కాళ్లు బిగించి పట్టుకుని, ఎదురుగోడ చూస్తూ నిలబడ్డాడు. పైన ఏం జరుగుతోందో ఆయనకు కనిపించదు. చూడటానికి వీల్లేదు.

“ఎండింది, అద్దుకో,” అనేవాడు ఉన్నట్టుండి.

“చూడకుండా నీకెలా తెలుసయ్యా?”

“చప్పుడు. తడి రోలర్ నాకినట్టుంటుంది. ఎండితే గీకినట్టుంటుంది. అంత నొక్కకు. చేతిని లాగనీ.”

మొదటిరోజు ఆమె భుజాలు పట్టేశాయి. రెండోరోజు మెడ. ఇన్నేళ్లూ ఈయన సాయంత్రం మాట్లాడకుండా ఎందుకు కూర్చునేవాడో మూడోరోజు ఆమెకు అర్థమైంది. నాలుగోరోజు మధ్యాహ్నానికి ఆఖరి గీత లాగి, రోలర్ కిందికి దించింది.

“అయింది,” అంది.

“ఎలా వచ్చింది?”

“బాగానే.”

“అతుకు కనిపిస్తోందా?”

“నువ్వే చూడు.”

ఆ మాట అనేశాక ఆమె నాలిక కరుచుకుంది. ఆయన గోడవైపే చూస్తూ నిలబడ్డాడు. పాతికేళ్లపైగా ఊరందరి కప్పుల్ని తలెత్తి చూసిన మనిషి, ఇవాళ తన పెళ్లాం వేసిన కప్పు చూడలేక నిలబడ్డాడు. మరిది కూడా మొహం తిప్పుకున్నాడు.

రంగులక్క నిచ్చెన దిగింది. హాలు మధ్యలో నేలమీద మరకలు పడకుండా పరిచిన గుడ్డ ఉంది. దాన్ని ఒకసారి దులిపి, సరిచేసి పరిచింది.

“రా. పడుకో.”

“ఏంటి?”

“వెల్లకిలా పడుకో. తల ఎటూ తిప్పక్కర్లేదు. పైకెత్తక్కర్లేదు. కళ్లు తెరిస్తే చాలు, కప్పు నీ ఎదురుగానే ఉంటుంది.”

మేస్త్రి ఆమె మొహంలోకి చూశాడు. భార్య ఒక చేయి, తమ్ముడు ఒక చేయి పట్టుకోగా మెల్లగా కూర్చుని, తిన్నగా పడుకున్నాడు. ఆమె కూడా పక్కన వాలింది.

కప్పు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక్క తెలుపు. ఆయన ఎక్కడ ఆపాడో, ఆమె ఎక్కడ అందుకుందో తెలియడం లేదు. ఆయన చాలాసేపు చూశాడు. కంటి కొసనుంచి నీటి చుక్క ఒకటి జారి మెడపట్టీలో ఇంకిపోయింది.

“ఏమయ్యా, చెప్పవేం?”

“ఆ మూల,” అన్నాడు. “కిటికీ పైన. అక్కడ రంగు ఒక చేయి తక్కువ పడింది.”

“ఎక్కడా? నాకేం కనపడట్లేదే!”

“నీకు కనపడదు. నువ్వు కొత్త కదా.”

రంగులక్క దబ్బున లేచి కూర్చుంది. “మరిదీ, రోలర్ తడుపు!” అని నిచ్చెన వైపు నడిచింది.